సచివాలయం ఇవ్వని జీవోలు

తెలుగువాళ్లకు జీవో అంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. "జీవో వచ్చిందా? నంబరెంత?" అనే మాట ఉద్యోగుల ఇళ్లలో పొద్దుటి కాఫీతో పాటే వినిపిస్తుంది. 610 అనగానే 'ఏ జీవో?' అని అడిగేవాళ్లు తక్కువ. జీవశాస్త్రవేత్తలకూ ఒక జీవో ఉంది. దాని పూర్తి పేరు జీన్ ఆంటాలజీ. దానికీ నంబర్లున్నాయి, ఒక్కోటి ఏడంకెలది. జీవో 0005634 అంటే కణ కేంద్రకం. జీవో 0006281 అంటే దెబ్బతిన్న డీఎన్‌ఏను కణం బాగుచేసుకోవడం. ఈస్ట్ నుంచి మనిషి దాకా ఏ ప్రాణి జన్యువు గురించి రాసినా, ఎవరికి తోచిన మాట వాళ్లు వాడకుండా అందరూ ఒకే మాట వాడాలని కట్టుకున్న పదకోశం ఇది. ఆ పదకోశం గురించీ, అది అవసరమయ్యేలా చేసిన పేర్ల గందరగోళం గురించీ కొన్ని విశేషాలు.

ఆనపకాయా, సొరకాయా?

ఒక ఊళ్లో ఆనపకాయ అంటారు, ఇంకో ఊళ్లో సొరకాయ అంటారు. ఇక్కడ గోంగూర, అక్కడ పుంటికూర. కూర ఒకటే కాబట్టి వండుకోవడానికి ఇబ్బంది లేదు. జన్యువుల దగ్గరికొచ్చేసరికి ఇదే పెద్ద చిక్కయింది. కణం రెండుగా చీలాలంటే ఒక ప్రొటీన్ పచ్చజెండా ఊపాలి. రొట్టెల ఈస్ట్ మీద పనిచేసేవాళ్లు దాని జన్యువును సీడీసీ28 అన్నారు. ఇంకో రకం ఈస్ట్ మీద పనిచేసేవాళ్లు సీడీసీ2 అన్నారు. మనిషిలో ఇప్పుడు దాని పేరు సీడీకే1. 1987లో పాల్ నర్స్ బృందం ఆ జన్యువు చెడిపోయిన ఈస్ట్‌లోకి మనిషి జన్యువును పంపితే, ఈస్ట్ కణాలు నిక్షేపంగా చీలడం మొదలుపెట్టాయి. వంద కోట్ల ఏళ్లకు పైగా విడిపోయి బతికిన రెండు ప్రాణుల మధ్య విడిభాగం సరిపోయింది, పేరు మాత్రం సరిపోలేదు. కణ విభజన పరిశోధనకు నర్స్, లీలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్‌లకు 2001లో నోబెల్ వచ్చింది.

కన్ను చేసే జన్యువు పేరు 'కన్ను లేనిది'

పండ్ల మీద ముసిరే చిన్న ఈగలో కన్ను ఏర్పడటానికి మూలమైన ఒక జన్యువు ఉంది. దాని పేరు ఐలెస్, అంటే కన్ను లేనిది. ఇదేం తిరకాసు? జన్యువు చెడిపోయినప్పుడే దాని ఉనికి తెలుస్తుంది. ఏది లోపించిందో ఆ లోపమే పేరయి కూర్చుంటుంది. 1910లో థామస్ హంట్ మోర్గాన్ చూసిన ఈగ కథా ఇదే. మామూలు ఈగల కళ్లు ఎర్రగా ఉంటాయి, అతనికి తెల్లకళ్ల మగ ఈగ దొరికింది. దాంతో కంటికి ఎర్రదనం రావడానికి కావలసిన జన్యువు పేరు 'వైట్' అయింది.

ఐలెస్‌కు ఎలుకలో చుట్టం ఉంది. అది చెడితే చిన్నకళ్ల పిల్లలు పుడతాయి కాబట్టి ఎలుకల వాళ్లు 'స్మాల్ ఐ' అన్నారు. మనిషిలో చెడితే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర సరిగా ఏర్పడదు. ఆ జబ్బు పేరు అనిరిడియా. మూడూ ఒకే కుటుంబమని 1994లో తేలింది. మరుసటేడు వాల్టర్ గెరింగ్ ప్రయోగశాలలో ఈ జన్యువును ఈగ శరీరంలో వేరేచోట్ల పనిచేయిస్తే కాళ్ల మీదా రెక్కల మీదా కళ్లు మొలిచాయి. ఎలుక జన్యువు పెట్టినా మొలిచినవి ఈగ కళ్లే!

గుండె లేని రేకు మనిషి, ఆటలో ముళ్లపంది

ఈగల పరిశోధకులు పేర్లు పెట్టడంలో చిలిపివాళ్లు. 'విజర్డ్ ఆఫ్ ఓజ్' కథలోని రేకు మనిషికి గుండె ఉండదు. అందుకని చెడితే గుండె ఏర్పడని జన్యువుకు టిన్‌మాన్ అని పెట్టారు. చుక్క తగలగానే తూలిపోయే ఈగల జన్యుమార్పుకు 'చీప్ డేట్' అన్నారు. అంటే తక్కువ ఖర్చులో మత్తెక్కే నేస్తం. క్రిస్టియానె న్యుస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ 1980లో ప్రకటించిన జన్యువుల్లో ఒకటి చెడితే ఈగ పిల్లపురుగు ఒళ్లంతా ముళ్లు మొలుస్తాయి. దానికి హెడ్జ్‌హాగ్, అంటే ముళ్లపంది అని పేరు. 1993లో వెన్నెముక ప్రాణుల్లో దాని చుట్టాలు దొరికాయి. రెండింటికి నిజమైన ముళ్లపంది జాతుల పేర్లు పెట్టి, మూడోదానికి వీడియో గేమ్ హీరో పేరు తగిలించారు: సోనిక్ హెడ్జ్‌హాగ్.

నవ్వులాట అక్కడితో ఆగితే బాగుండేది. మనిషిలో సోనిక్ హెడ్జ్‌హాగ్ చెడితే పిండం మెదడు రెండు భాగాలుగా సరిగా విడదు. బిడ్డకు ఏమైందో తల్లిదండ్రులకు చెప్పాల్సిన డాక్టరు నోట వీడియో గేమ్ పేరు రావడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుంది? మనుషుల జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ ఇలాంటి నొప్పించే పేర్లను మార్చుకుంటూ రావడానికి కారణం ఇదే.

ఆశ్చర్యపోయి అన్న మాటే పేరయింది

ఆ న్యుస్లైన్-ఫోల్‌హార్డే ఒక వింత ఈగపిండాన్ని చూసి తన జర్మన్ భాషలో 'టోల్!' అన్నారని చెబుతారు. మన మాటలో 'అబ్బ, భలే!' అన్నట్టు. అదే జన్యువు పేరయింది. ఈగలో ఆ టోల్ బూజుతెగుళ్లను ఎదిరిస్తుందని 1996లో తేలింది. మన ఒంట్లో క్రిములను ముందుగా పసిగట్టే కాపలా ప్రొటీన్లకు 'టోల్ లాంటివి' అని పేరు వచ్చింది. ఈ దారిలో జరిగిన పరిశోధనకు 2011లో నోబెల్ దక్కింది. ఇవాళ రోగనిరోధక శక్తి మీద ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఆ 'అబ్బ, భలే!' పలకరిస్తుంది.

53 అని రాసి ఉంది, తూకం 44

క్యాన్సర్ రాకుండా కణానికి కావలి కాసే పీ53 పేరు వినే ఉంటారు. శాస్త్రవేత్తలు అన్నిటికంటే ఎక్కువగా పరిశోధించిన మనిషి జన్యువు దీనిదే. 1979లో దొరికినప్పుడు జెల్ మీద నడిపించి చూస్తే దాని బరువు 53 కిలోడాల్టన్లని తోచింది. అదే పేరులో నిలిచింది. అసలు బరువు దాదాపు 44. అందులో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటంవల్ల జెల్‌లో అది మెల్లగా నడిచి, ఉన్నదానికంటే బరువుగా కనిపించింది. తప్పు తెలిశాక కూడా ఎవరూ పేరు మార్చలేదు. అప్పటికే అలవాటైపోయింది.

సెప్టెంబరుగా మారిన జన్యువు

సెప్టిన్ కుటుంబంలో రెండో జన్యువును పొట్టిగా 'సెప్ట్2' అని రాసేవారు. ఎక్సెల్ గడిలో అలా కొట్టి ఎంటర్ నొక్కగానే అది సెప్టెంబరు 2వ తేదీ అయిపోయేది. 'మార్చ్1' అనే జన్యువు మార్చి ఒకటో తారీఖయ్యేది. చూసుకోకుండా సేవ్ చేస్తే జన్యువు పోయి క్యాలెండరు మిగిలేది. పత్రికల్లో అచ్చయిన పరిశోధనలను 2016లో కొందరు తిరగేస్తే, ఎక్సెల్ జాబితాలు జతచేసిన పత్రాల్లో దాదాపు ఐదింట ఒకదానిలో ఇలాంటి తప్పులు కనిపించాయి. చివరికి తగ్గింది జన్యువులే. 2020లో వచ్చిన నియమావళితో అవి సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1 అని పేర్లు మార్చుకున్నాయి. తేదీగా మార్చొద్దని ఎక్సెల్‌కు చెప్పే సదుపాయం 2023లో గాని రాలేదు.

పెద్ద అక్షరాల తేడా

పీ53 జన్యువును మనిషిలో టీపీ53 అంటారు, ఎలుకలో టీఆర్‌పీ53. మనిషి జన్యువైతే ఇంగ్లిషులో అన్నీ పెద్ద అక్షరాలు రాయాలి. ఎలుకదైతే మొదటిది మాత్రమే పెద్దక్షరం. జీబ్రా చేపదైతే అన్నీ చిన్నవి. ఒక్క అక్షరం సైజు మారితే ప్రాణే మారిపోతుంది. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు కాబట్టి మనం 'మనిషి జన్యువు', 'ఎలుక జన్యువు' అని నోరారా చెప్పుకోవాల్సిందే.

ఈస్ట్ జన్యువుల ఇంటి నంబర్లు

ఈస్ట్ పరిశోధకులు ఒక పద్ధతి పాటించారు. ప్రతి జన్యువుకీ పిలుపు పేరు ఉన్నా లేకపోయినా ఇంటి నంబరు ఇచ్చేశారు. 'వై ఏ ఎల్ 001 సీ' అనే నంబరును విప్పి చూద్దాం. వై అంటే ఈస్ట్. ఏ అంటే ఒకటో క్రోమోజోమ్. మొత్తం 16 క్రోమోజోములకు ఏ నుంచి పీ దాకా అక్షరాలు సరిపోయాయి. ఎల్ అంటే క్రోమోజోమ్ నడుమ నుంచి ఎడమవైపు కొమ్మ. 001 అంటే నడుమ నుంచి లెక్కపెడితే మొదటి ఇల్లు. చివరి సీ అంటే క్రిక్. డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఒకదానికి వాట్సన్ అనీ, రెండోదానికి క్రిక్ అనీ పేర్లు. వార్డు, వీధి, ఇల్లు, ఎడమవైపా కుడివైపా అన్నీ ఒక్క నంబరులోనే! ఇంట్లో ఎవరుంటారో, ఏం చేస్తారో మాత్రం అందులో ఉండదు. దానికి జీవో కావాలి.

లాలాజలానికి నాలుగంకెలు

పనినిబట్టి అంకెలిచ్చే పద్ధతి జీవో కంటే పాతది. ఎంజైమ్‌లకు ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టేస్తుంటే 1956లో ఒక అంతర్జాతీయ కమిషన్ వేశారు. అప్పటికి వాడుకలో ఉన్న ఒక పేరు 'ఓల్డ్ యెల్లో ఎంజైమ్', అంటే పాత పసుపు ఎంజైమ్. మరో పసుపు ఎంజైమ్ దొరికేసరికి ముందుది పాతదైంది! కమిషన్ 1961లో నివేదిక ఇచ్చి, ప్రతి ఎంజైమ్ చర్యకూ నాలుగంకెలు కేటాయించింది. అన్నం ముద్ద నములుతుంటే తియ్యబడటానికి కారణమైన లాలాజల అమైలేజ్ నంబరు 3.2.1.1. మొదటి 3 అంటే నీటి సాయంతో అణువును తెంచే తరగతి. తర్వాతి అంకెలు ఏ రకం బంధాన్ని తెంచుతుందో చెబుతాయి. మొత్తం ఆరు తరగతులే అనుకుంటూ వచ్చారు. పొరల గుండా పదార్థాలను దాటించే ఎంజైమ్‌ల కోసం 2018లో ఏడోది చేర్చారు.

మాంట్రియల్‌లో ముడిపడింది

1996లో ఈస్ట్ జన్యుపటం పూర్తయింది. సుమారు 6,000 జన్యువులు. ఈగ, ఎలుక, మనిషి వరుసలో ఉన్నాయి. ఒక్కో ప్రాణికి ఒక్కో సమాచార నిధి, ఒక్కోదానిదీ ఒక్కో యాస. ఒకచోట 'ప్రొటీన్ తయారీ' అని ఉంటే ఇంకోచోట 'ట్రాన్స్‌లేషన్' అని ఉండేది. చదివే మనిషికి రెండూ ఒకటేనని తెలుసు, వెతికే కంప్యూటరుకు తెలియదు. 1998లో మాంట్రియల్‌లో జరిగిన సదస్సులో కేంబ్రిడ్జ్‌కు చెందిన ఈగల శాస్త్రవేత్త మైకేల్ ఆష్‌బర్నర్ ఈ సమస్యకు ఉమ్మడి పదకోశమే మందన్నారు. ఈగ, ఈస్ట్, ఎలుక నిధులు మూడూ చేతులు కలిపాయి. 2000లో నేచర్ జెనెటిక్స్ పత్రిక ద్వారా జీవో గురించి లోకానికి తెలిసింది. ఆష్‌బర్నర్ 2023లో కన్నుమూశారు. ఆయన తలపెట్టిన పదకోశంలో ఇప్పుడు దాదాపు 40,000 పదాలున్నాయి.

మూడే ప్రశ్నలు

తాపీమేస్త్రిని చూపించి ముగ్గురు మూడు రకాలుగా చెప్పొచ్చు. ఇటుకలు పేరుస్తాడు, ఇల్లు కడుతున్నాడు, ఫలానా సైటులో ఉన్నాడు. మూడూ నిజమే, మూడూ వేర్వేరు సంగతులు. జీవోకు ఉన్నవీ ఈ మూడు కొమ్మలే. అణువు స్థాయిలో చేసే పని ఒకటి, ఆ పని కలిసే పెద్ద కార్యక్రమం రెండోది, కణంలో చోటు మూడోది.

మన ఇళ్లలో బాగా తెలిసిన ఇన్సులిన్‌కు జీవోలో తగిలించిన పదాల చీటీ చూద్దాం. పని కింద 'హార్మోన్‌గా వ్యవహరించడం', నంబరు 0005179. 'ఇన్సులిన్ గ్రాహకానికి అతుక్కోవడం', నంబరు 0005158. కార్యక్రమం కింద 'ఒంట్లో గ్లూకోజ్ నిలకడ', నంబరు 0042593. చోటు కింద 'కణం బయటి ప్రాంతం', నంబరు 0005576. షుగర్ జబ్బు అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. అది ఇన్సులిన్ చేసే పని కాదు కదా.

లస్కరు కాలువ కాదు

డెల్టాలో కాలువ పారడం వేరు, తూము దగ్గర లస్కరు తలుపు ఎత్తడం దించడం వేరు. పనిని చేసేదాన్నీ, ఆ పనిని అదుపుచేసేదాన్నీ జీవో ఇలాగే విడదీస్తుంది. ఇన్సులిన్ గ్లూకోజును మోసుకుని కణంలోకి పోదు. అది వెళ్లి తలుపు తట్టగానే కండర కణాల్లోపల ఉన్న గ్లూకోజ్ ద్వారాలు పొర మీదికి వస్తాయి. అందుకే దాని చీటీలో ఉండేది 'గ్లూకోజ్ లోపలికి తేవడం' కాదు, 'గ్లూకోజ్ రాకను పెంచడం'. ఈ చిన్న తేడా పట్టించుకోకపోతే లస్కరునే కాలువ అనుకునే ప్రమాదం ఉంది.

పుట్టింటికీ అత్తింటికీ చెందిన మైటోకాండ్రియా

వంశవృక్షంలో బిడ్డ ఒకే ఇంటిపేరుకు చెందుతుంది. జీవోలో ఒక పదానికి ఎన్ని తల్లిపదాలైనా ఉండొచ్చు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను తీసుకోండి. అది 'పొర ఉన్న కణాంగం' అనే జాతికి చెందినది. అదే సమయంలో కణద్రవ్యంలో ఒక భాగం. ఒకటి 'ఇది ఒక రకం' అనే చుట్టరికం, రెండోది 'ఇది దానిలో భాగం' అనే చుట్టరికం. ఒక ప్రొటీన్ మైటోకాండ్రియాలో ఉందని రాస్తే, కణద్రవ్యంలో ఉందని మళ్లీ రాయక్కర్లేదు. కాకినాడలో ఉన్నవాడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నట్టేగా! కింది మాట నిజమైతే పై మాటలన్నీ నిజమై తీరాలి. ఎక్కడైనా పొసగలేదంటే సంపాదకులు ఆ చుట్టరికాన్నే సరిదిద్దుతారు.

మన కణానికీ ఇదే కష్టం

తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. జీవశాస్త్రం పీరియడ్‌లో కణం అంటే ప్రాణానికి మూలమైన గది. భౌతికశాస్త్రం పీరియడ్‌లో కణం అంటే ఎలక్ట్రాన్ లాంటి రేణువు. అక్కడ పరమాణువుకు కేంద్రకం, ఇక్కడ కణానికీ కేంద్రకమే. మాస్టారు ఏ పుస్తకం పట్టుకొచ్చారో చూసి అర్థం మార్చుకునేవాళ్లం. జీవో కూడా ఇలాంటి చిక్కే ఎదుర్కొంది. ఇంగ్లిషు 'బడ్' మొక్కలవాళ్లకు మొగ్గ, ఈస్ట్ వాళ్లకు తల్లికణం పక్కన ఉబ్బుతున్న పిల్లకణం. అందుకని ప్రతి పదానికీ ఒక నిర్వచనం రాసిపెట్టారు. చెల్లుబాటయ్యేది నిర్వచనం, గుర్తు పట్టేది నంబరు. పేరు మన సౌకర్యం కోసం. అదే పదానికి వాడుకలో ఉన్న పర్యాయపదాలనూ పక్కనే చేర్చారు. ఆ మాటకొస్తే అమరకోశం వల్లె వేసిన తాతల కాలం నుంచీ ఒక వస్తువు పేర్లన్నీ ఒకచోట పేర్చుకోవడం మనకు కొత్త కాదు.

రాలే ఆకు మాట

జీవోలో 0006915 నంబరు అపాప్టోసిస్‌ది. పనైపోయిన కణం, లేదా బాగుపడనంతగా చెడిన కణం ఒక క్రమంలో తననుతాను ముగించుకోవడం. పిండంలో వేళ్ల మధ్య ఉండే పొర పోయి వేళ్లు విడిపడేది దీనివల్లే. 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, ఆలస్టెయిర్ కర్రీ దీనికి పేరు వెతుకుతూ అబర్డీన్ విశ్వవిద్యాలయంలోని గ్రీకు ప్రొఫెసర్ జేమ్స్ కోర్‌మాక్‌ను అడిగారు. చెట్టు నుంచి ఆకులు, పువ్వు నుంచి రేకులు రాలడాన్ని సూచించే గ్రీకు మాటను ఆయన ఇచ్చారు. పండుటాకు రాలడాన్ని చూసినవాళ్లకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

భీమవరం నుంచి జీవో దాకా

జీవో 0005524 అంటే 'ఏటీపీకి అతుక్కోవడం'. వేల ప్రొటీన్ల చీటీల మీద ఈ నంబరు ఉంటుంది. కణంలో ఏ పనికైనా చెల్లే నాణెం ఏటీపీ కాబట్టి అది సహజమే. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్ వైద్య కళాశాలలో వెలికితీసిన ఇద్దరిలో ఒకరు సైరస్ ఫిస్కే, రెండోవారు మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. కండరంలో శక్తిని దాచిపెట్టే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్కే, సుబ్బారావు అంతకు రెండేళ్ల ముందే బయటపెట్టారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, 1948లో అమెరికాలో కన్నుమూసిన ఆయన పేరు ఆ చీటీల మీద ఉండదు. ఆయన పని ఉంటుంది.

బాతు కంట్లో రెండో ఉద్యోగం

రక్తపరీక్ష కాగితాల మీద ఎల్‌డీహెచ్ అని ఉంటుంది, చూసే ఉంటారు. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ అది. పిండిపదార్థాల నుంచి శక్తి తీసే పనిలో దానికి పాత్ర ఉంది. బాతు కంటి కటకంలో దండిగా ఉండి, దానికి పారదర్శకతనిచ్చే ఒక ప్రొటీన్ ఇదేనని 1987లో తేలింది. పగలు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం ట్యూషన్ మాస్టారు అన్నట్టు! 'ఒక జన్యువు, ఒక పేరు, ఒక పని' అనుకుంటే ఇలాంటివాటిని ఎక్కడ రాయాలి? జీవోలో ఒక జన్యువుకు ఎన్ని నంబర్లైనా తగిలించవచ్చు. అందుకే అక్కడ ఇబ్బంది రాలేదు.

క్యాన్సర్ తేవడం ఏ జన్యువు ఉద్యోగమూ కాదు

'బీఆర్‌సీఏ1 రొమ్ము క్యాన్సర్ జన్యువు' అని పేపర్లలో రాస్తుంటారు. జీవోలో వెతికితే దాని చీటీ మీద క్యాన్సర్ ఉండదు, 'డీఎన్‌ఏ మరమ్మతు' ఉంటుంది. క్యాన్సర్ పుట్టించడం అనే పదానికే జీవోలో చోటివ్వలేదు. మామూలుగా ఉన్నప్పుడు ప్రొటీన్ చేసేదే దాని పని, చెడిపోయినప్పుడు జరిగేది ప్రమాదం. బ్రేకు పని బండిని ఆపడం. బ్రేకు ఫెయిలైతే ప్రమాదం జరిగిందని బ్రేకును 'ప్రమాదాల యంత్రం' అనం కదా. కన్ను చేసే జన్యువును 'కన్ను లేనిది' అన్న పాత అలవాటుకు ఇది నేరుగా ఎదురు నిలిచే నియమం. రోగ లక్షణాలకు వేరే పదకోశం ఉంది. 2008లో వచ్చిన హ్యూమన్ ఫినోటైప్ ఆంటాలజీ అరుదైన జబ్బుల నిర్ధారణలో డాక్టర్లకు సాయపడుతోంది.

కుప్పలోంచి కథ

ఈ నంబర్లతో పరిశోధకుడికి ఏం ఒరుగుతుంది? ఒక ఉదాహరణ అనుకుందాం. మొత్తం 20,000 జన్యువుల్లో 400 డీఎన్‌ఏ మరమ్మతుకు చెందినవి, అంటే నూటికి రెండు. ఎండలో ఉంచిన చర్మ కణాల్లో 200 జన్యువులు హఠాత్తుగా చురుకయ్యాయి. గుడ్డిగా ఏరితే అందులో మరమ్మతువి నాలుగు రావాలి. లెక్కపెడితే నలభై వచ్చాయి. కాకతాళీయం కాదని గణితం చెబుతుంది. ఎండ డీఎన్‌ఏను దెబ్బతీసిందన్న కథ ఆ కుప్పలోంచి పైకొస్తుంది. ప్రపంచమంతటా పరిశోధనశాలల్లో జీవోను ఎక్కువగా వాడేది ఇందుకే.

'ట' పెట్టారా, లేదా?

తెలుగులో 'వచ్చాడు' వేరు, 'వచ్చాడట' వేరు. ఒక్క 'ట' చేర్చి, నేను చూడలేదు, విన్నాను అని చెప్పేస్తాం. జీవో చీటీల మీదా ఇలాంటి గుర్తులుంటాయి. 'ఐడీఏ' అంటే నేరుగా పరీక్షించి చూశాం. 'ఐఎంపీ' అంటే జన్యువును చెడగొట్టి ఏం జరిగిందో చూశాం. 'ఐఈఏ' అంటే మనిషి చూడలేదు, పోలికను బట్టి కంప్యూటరు చెప్పింది. చీటీల్లో ఎక్కువ భాగం ఈ చివరి రకానివే, అన్నీ 'ట' చేర్చుకోవాల్సినవి. 'ఈ పని చేయదు' అని పరీక్షలో తేలితే 'కాదు' అనే ముద్ర కూడా ఉంది. పాతబడిన పదాన్ని చెరిపేయరు, 'రద్దు' అని ముద్ర వేసి ఉంచుతారు. ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వరు. పాత పరిశోధన చదివేవాడు దారి తప్పకూడదు కదా.

ఖాళీలు ఉన్నాయి

అన్నిటికంటే నిజాయితీ గల గుర్తు 'ఎన్‌డీ'. ఈ జన్యువు గురించి ఉన్నదంతా వెతికాం, పని ఏమిటో తెలియలేదు అని దాని అర్థం. ఎవరూ చూడకుండా వదిలేసిన గడికీ, చూసి 'తెలియదు' అని సంతకం పెట్టిన గడికీ తేడా ఉంది. ఆ తెలియనితనం ఎంత దగ్గరలో ఉందో 2016లో తేలింది. క్రెయిగ్ వెంటర్ సంస్థ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో బతికి పెరగడానికి కావలసినంత మేరకే జన్యువులు ఉంచి ఒక సూక్ష్మజీవిని తయారుచేశారు. మొత్తం 473 జన్యువులు. అందులో 149 ఏం చేస్తున్నాయో దాన్ని తయారుచేసినవాళ్లకే తెలియదు. వాటిలో చాలావాటిని తీసేస్తే మాత్రం అది బతకలేదు.

ఇంటర్‌లో బైపీసీ చదువుతున్న పిల్లలకు ఒక మాట. జీవో పదకోశం ఇంటర్నెట్‌లో ఎవరైనా పైసా చెల్లించకుండా చూడొచ్చు. ఒక సాయంత్రం ఇన్సులిన్ అని కొట్టి దాని చీటీ చదవండి, తర్వాత 'ఎన్‌డీ' ముద్ర ఉన్న చీటీ ఒకటి వెతికి చూడండి. సచివాలయం జీవోల్లో ఖాళీల భర్తీ కోసం మనవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంటారు. ఈ జీవోలో ఖాళీలకు నోటిఫికేషన్ అక్కర్లేదు, వయోపరిమితి లేదు.